అయిదు గుంటలు, నాలుగు గులాబీలు

హ్యూస్టన్‌లో మా ఇంటి వెనుక, దక్షిణపు కంచె వెంబడి, రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా ఎండ పడే నేల పాతిక అడుగుల పొడవున ఉంది. పాతకాలపు గులాబీలు కుండీల్లో ఒదిగి ఉండే రకం కావు. మనిషి ఎత్తు పెరుగుతాయి, అంతే వెడల్పున చేతులు చాస్తాయి. ఆ స్థలంలో అయిదు మొక్కలకు మించి పట్టవు. ఆ అయిదూ ఏవన్నది తేల్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఏ రోగిని వార్డులో ఉంచాలో, ఎవరిని ఐ.సి.యు.కు తరలించాలో నిమిషాల మీద నిర్ణయించే ఉద్యోగంలో ఇన్నేళ్లుగా ఉన్నవాడు బయటకు చెప్పుకోవలసిన సంగతి కాదిది. కానీ ఆ రెండేళ్లూ నర్సరీల జాబితాలు చదవబోయి చరిత్ర పుస్తకాల్లో పడిపోయాను. ఇక్కడ మామూలుగా ఒక పుస్తకం గురించి రాస్తాను. ఈసారి ఒక జాబితా గురించి రాస్తున్నాననుకోండి.

ముందుగా, పాత గులాబీ అంటే ఏది? అమెరికన్ రోజ్ సొసైటీ 1867 దగ్గర ఒక గీత గీసింది. ఆ ఏడాది ఫ్రాన్సులోని లియోన్ నగరంలో గియో అనే నర్సరీ యజమాని 'లా ఫ్రాన్స్' అనే మొక్కను లోకానికి చూపించాడు. పొడవాటి కాడ చివర మొన తేలిన మొగ్గతో, ఈనాడు పూల దుకాణాల్లో కాగితం చుట్టి అమ్మే గులాబీల వంశానికి దానిని ఆదిపురుషుడంటారు. అంతకు ముందే ఏర్పడి ఉన్న వంశాలకు చెందినవన్నీ పాత గులాబీలు. ఇక్కడ లెక్కకు వచ్చేది మొక్క పుట్టిన తేదీ కాదు, పుట్టిన వంశం. అందుచేత 1910లో వచ్చిన టీ గులాబీ కూడా పాతదే అవుతుంది. ఈ గీత అంత శాస్త్రీయమేమీ కాదు గాని, జాబితా చదివేవాడికి ఎక్కడో ఒకచోట గీత ఉండాలి కదా.

నా మొదటి పొరపాటు వృత్తిగర్వం వల్ల జరిగింది. జాబితాలో 'అపోతికరీస్ రోజ్' అన్న పేరు కనబడగానే మరొక ఆలోచన లేకుండా తెప్పించాను. మందులు నూరేవాడి గులాబీ! గాలికా వంశానిది. మధ్యయుగపు ఐరోపాలో మఠాల తోటల్లో, వైద్యుల పెరళ్లలో పెరిగింది. పారిస్‌కు తూర్పున ఉన్న ప్రొవాన్ పట్టణం శతాబ్దాల తరబడి ఈ రేకుల పాకంతో, ఎండబెట్టిన రేకులతో వ్యాపారం చేసింది. 19వ శతాబ్దపు బ్రిటిష్ ఫార్మకోపియాలో సైతం ఎర్ర గులాబీ రేకులకు చోటుంది. మన యునానీ హకీముల గుల్కండ్ ఈ పాకానికి దాయాది. గుల్ అంటే పువ్వు, కంద్ అంటే చక్కెర. ఇంత వైద్యచరిత్ర ఉన్న మొక్క డాక్టరు ఇంట లేకపోతే ఎలా అనుకున్నాను. మూడు వసంతాలు చూశాను. నిగనిగలాడే ఆకులు వేసింది, పిలకలు పెట్టింది, పూయలేదు. గాలికాలకు పూత రావాలంటే చలికాలం గట్టిగా ఉండాలి. మంచు మొహమెరుగని హ్యూస్టన్‌లో ఆ మొక్కకు చలికాలం వచ్చినట్టే తెలియలేదు. చివరికి దానిని తవ్వి, ఒహాయోలో ఉన్న మా మెడికల్ కాలేజీ మిత్రుడికి ఇచ్చాను. తరువాతి జూన్‌లో ఫొటో పంపాడు. నేను రెండు రోజులు జవాబివ్వలేదు.

కనుక పాత గులాబీలను ఎన్నుకునేవారు చూడవలసింది ముందు పటాన్ని, ఆ తరువాతే పువ్వును. గాలికా, డమాస్క్, ఆల్బా, సెంటిఫోలియా అనే ఐరోపా, పశ్చిమాసియా వంశాలు చలిదేశపువి. చాలామటుకు ఏడాదికి ఒక్కసారే, వేసవి మొదట్లో పూసి ఊరుకుంటాయి. చైనా, టీ, న్వాజెట్, బూర్బోన్ అనే వంశాలు వేడినీ ఉక్కనూ ఓర్చుకుంటాయి, ఏడాదిలో చాలా నెలలు పూస్తాయి. చికాగోలో ఉన్న తెలుగువారు మొదటి జాబితా చూడండి. టెక్సాస్‌లోనూ, ఫ్లోరిడాలోనూ, మలేషియాలోనూ ఉన్నవారికి రెండోదే గతి. ఆ రెండో జాబితా లోపలికి వెళ్లేకొద్దీ నాకు మన దేశం పేరు తగులుతూ వచ్చింది, అదీ తప్పుగా.

లినేయస్ 1753లో ఒక చీనా గులాబీకి 'రోజా ఇండికా' అని పేరు పెట్టాడు. ఫ్రెంచివారు చీనా గులాబీలను చాలాకాలం 'బెంగాల్ గులాబీలు' అనే పిలిచారు. ఈ మొక్కలు ఇండియావీ కావు, బెంగాల్‌వీ కావు. చీనా తోటమాలులు ఎన్నో తరాలుగా పెంచుకున్నవి. అయితే ఆ పేర్లు ఊరికే రాలేదు. కాంటన్ రేవు దగ్గర ఫా తీ అనే చోట ఉన్న నర్సరీల్లో విదేశీయులు మొక్కలు కొనుక్కునేవారు. అక్కడి నుంచి లండన్‌కు నెలల తరబడి ఓడప్రయాణం. ఉప్పుగాలి, మంచినీటి కొరత, ఎలుకలు. మొక్కలను గాజుపెట్టెలో మూసి పంపే వార్డ్ పద్ధతి 1830ల దాకా లేదు. అందుచేత కొన్ని మొక్కలు మధ్యలో కలకత్తాలో దిగి, కంపెనీ వారి వృక్షశాస్త్ర ఉద్యానంలో ఊపిరి పోసుకుని, మళ్లీ ఓడ ఎక్కేవి. కలకత్తా నుంచి వచ్చింది కాబట్టి బెంగాల్ గులాబీ. మనలను అమెరికాలో ఎవరైనా మధ్యలో విమానం మారిన ఊరివాళ్లమనుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

అలా వచ్చిన వాటిలో నాలుగింటిని గులాబీ చరిత్రకారులు మూలపురుషులుగా లెక్కిస్తారు. 1792 ప్రాంతంలో గిల్బర్ట్ స్లేటర్ తోటకు చేరిన ఎర్రటిది, 1793లో పార్సన్స్ తోటలో పూసిన లేత గులాబిరంగుది, 1809లో సర్ అబ్రహాం హ్యూం తెప్పించుకున్న తేయాకు వాసనది, 1824లో పార్క్స్ లండన్ హార్టికల్చరల్ సొసైటీ కోసం తెచ్చిన లేత పసుపుది. వీటికి ముందు ఐరోపాలో ఏడాది పొడుగునా పూసే గులాబీ లేదు. శరత్కాలంలో మరొక్కసారి పూసే డమాస్క్ ఒకటి ఉండేది, దానికే అక్కడివారు మురిసిపోయేవారు.

పూత ఎందుకు ఆగదన్నది మన కాలంలో తేలింది. గులాబీలో పూతను అదుపులో ఉంచే ఒక జన్యువు ఉంది. చీనా గులాబీల్లో ఆ జన్యువు మధ్యలోకి ఎక్కడిదో ఒక డి.ఎన్.ఎ. తునక, చోటు మార్చుకుంటూ తిరిగే స్వభావం గలది, దూరి కూర్చుంది. దాంతో జన్యువు పని చేయదు, పూత ఆపమని చెప్పేవారు ఉండరు. మా వృత్తిలో ఇటువంటి తునక జన్యువులోకి దూరిందంటే దాని వెంట ఏదో ఒక జబ్బు పేరు వస్తుంది. చీనా తోటమాలి దానిని చూసి ముచ్చటపడి, కొమ్మ విరిచి మరొక చోట పాతాడు. పార్సన్స్ గులాబీ ఇప్పటి జాబితాల్లో 'ఓల్డ్ బ్లష్' అనే పేరుతో ఉంటుంది. 2018లో గులాబీ జన్యుపటాన్ని పూర్తిగా చదివినప్పుడు శాస్త్రజ్ఞులు ఎంచుకున్నది కూడా ఈ మొక్కనే. నా మొదటి గుంట దానికి ఇచ్చాను. విడిగా చూస్తే పువ్వు గొప్పదేమీ కాదు. వదులుగా, కాస్త చిందరవందరగా, రెండు రోజుల్లో రాలిపోతుంది. మూడో రోజున పక్కన మరొకటి విచ్చుకుని ఉంటుంది.

కలకత్తా ఉద్యానం మాట వచ్చింది గనుక ఒక్క మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను. పార్సన్స్ గులాబీ ఇంగ్లండులో పూసిన 1793లోనే ఆ ఉద్యానానికి విలియం రాక్స్‌బరో అధిపతిగా వెళ్లాడు. ఎక్కడి నుంచి? మన సామర్లకోట నుంచి. ఆయన కంపెనీ కొలువులో సర్జను. 1781 నుంచి పన్నెండేళ్లు సామర్లకోటలో ఉండి, ఒకవైపు వైద్యం చేస్తూ, మరొకవైపు మిరియం, నీలి వంటి పంటలను పరీక్షిస్తూ, గోదావరి ప్రాంతపు మొక్కలకు బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1795 నుంచి వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లు కనబడితే నాకు ఎప్పుడూ ఒక చిన్న గగుర్పాటు. కలకత్తా ఉద్యానంలోని మొక్కల జాబితాను 1814లో విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేశాడు. అందులో చీనా గులాబీలున్నాయి. ఓడ దిగిన మొక్కలకు నీళ్లు పోసి, మళ్లీ ఓడ ఎక్కించిన తోటకు ఇరవై ఏళ్లపాటు పెద్ద, తెలుగు నేల మీద పని నేర్చిన ఒక డాక్టరు. నాలుగు మూలపురుషుల్లో ఏదైనా ఆయన చేతుల మీదుగా వెళ్లిందని నేననడం లేదు. ఆ కాలపు మొక్కల దారి అటువంటిదని మాత్రం అంటున్నాను.

న్వాజెట్ వంశం అమెరికాలో పుట్టింది. దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్ దగ్గర, 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, జాన్ చాంప్నీస్ అనే వరి భూస్వామి తోటలో పార్సన్స్ గులాబీ, కస్తూరి గులాబీ కలిసి గుత్తులుగా పూసే ఒక మొక్క పుట్టింది. దాని వంశాన్ని పొరుగున ఉన్న ఫిలిప్ న్వాజెట్ పారిస్‌లోని తన సోదరుడికి పంపాడు. పేరు వారిదైంది. నా రెండో గుంటలో 'చాంప్నీస్ పింక్ క్లస్టర్' ఉంది. ఆ మొక్క మీద ప్రేమ ఉన్నా ఒక మాట అనక తప్పదు. చార్ల్‌స్టన్ వరి మళ్లన్నీ బానిసల చెమటతో పండినవి. ఆ తోటలో కొమ్మలు కత్తిరించి పాతింది, నీళ్లు మోసింది భూస్వామి అయి ఉంటాడని నేననుకోను. జాబితాల్లో ఆ చేతుల పేరు ఎక్కడా ఉండదు.

ఇక నన్ను నెలల తరబడి నిద్రపోనివ్వనిది బూర్బోన్ కథ. హిందూ మహాసముద్రంలో మారిషస్ పక్కన ఉన్న రీయూనియన్ దీవికి అప్పటి పేరు బూర్బోన్. అక్కడి రైతులు పొలాలకు గులాబీ కంచెలు వేసేవారు. ఒక వరుస చీనాది, ఒక వరుస రెండుసార్లు పూసే డమాస్క్. ఆ రెండింటి మధ్య ఎవరూ పనిగట్టుకుని కలపకుండానే ఒక కొత్త మొక్క లేచింది. అక్కడి వారు దానిని 'రోజ్ ఎదువార్' అన్నారు. ఫ్రెంచి ప్రభుత్వం పంపగా 1817లో దీవికి వచ్చిన బ్రెయోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి కంట అది పడింది. రెండేళ్లకు దాని గింజలను ఆయన పారిస్ శివారులో ఓర్లియాన్ ప్రభువు తోటమాలి జాక్ గారికి పంపాడు. బూర్బోన్ వంశమంతా ఆ గింజల నుంచి వచ్చింది. అసలు ఎదువార్ కలకత్తా నుంచే ఆ దీవికి చేరిందనే వాదన కూడా ఒకటుంది. అదీ బానిసలు పనిచేసిన దీవే. అక్కడ బానిసత్వం 1848 దాకా పోలేదు. అదే దీవిలో 1841లో పన్నెండేళ్ల బానిస బాలుడు ఎడ్మండ్ ఆల్బియుస్, వనిల్లా పువ్వుకు చేత్తో పరాగసంపర్కం చేసే సులువు కనిపెట్టాడు. వనిల్లా చరిత్రలో అతని పేరు నిలిచింది. గులాబీ కంచెలు పెంచినవారి పేర్లు నిలవలేదు.

బూర్బోన్లలో జగత్ప్రసిద్ధమైనది 'సువెనీర్ ద లా మాల్మెజోన్'. పాలలో చిటికెడు కుంకుమ కలిపినట్టుండే రంగు, నాలుగు పాయలుగా ముడిచిన రేకులు. పేరు చూసి చాలామంది నెపోలియన్ భార్య జోసెఫీన్ ఆ పువ్వును ముద్దాడిందనుకుంటారు. కొన్ని నర్సరీలు కూడా దాదాపు అలాగే రాస్తాయి. ఆమె మాల్మెజోన్ తోట నిజమే, గులాబీల పిచ్చీ నిజమే. కానీ ఆమె 1814లో పోయింది. ఈ మొక్కను లియోన్‌లో బెల్యూజ్ పుట్టించింది 1843లో. రెదూతే గీసిన గులాబీల బొమ్మల గ్రంథం కూడా ఆమె పోయాక 1817లో మొదలై 1824కు పూర్తయింది. రాణుల పేరు చెప్పి మొక్కలు అమ్మడం కొత్త విద్య కాదు. వాన తగిలితే ఈ పువ్వు మొగ్గలోనే కుళ్లి ముద్దయిపోతుంది. హ్యూస్టన్ వానలు తెలిసీ మూడో గుంట దీనికే ఇచ్చాను. కొన్ని పనులకు కారణం అడగకూడదు.

నాలుగో గుంటకు 'దుషెస్ ద బ్రబాంత్', 1857 నాటి టీ గులాబీ. గిన్నెలా ముడుచుకున్న పువ్వు, తల వంచుకుని పూస్తుంది. మా ఆవిడ ఎంపిక ఇది. రెండేళ్ల నా చదువుకు ఆమెకు పట్టినది పది నిమిషాలు. దాని ఆరోగ్యం మిగిలిన వాటన్నిటికంటే బాగుందని ఒప్పుకోక తప్పదు.

అయిదో గుంట ఎదువార్‌కు. ఈ కోరిక వెనుక చరిత్ర ఒక్కటే లేదు.

కొవ్వూరులో మా అమ్మమ్మగారి పెరట్లో, నూతి పళ్లెం పక్కన, ముదురు గులాబిరంగు ముద్దపువ్వుల మొక్క ఉండేది. నాటు గులాబీ అనేవాళ్లం. వాసన ఎంతంటే, ఒక పువ్వు మంచినీళ్ల బిందె పక్కన పెడితే ఆ పూట నీళ్లకే వాసన అంటినట్టుండేది. తరువాత తెలిసింది, నర్సరీలవాళ్లు ఆ పోలికలున్న మొక్కను ఎడ్వర్డ్ గులాబీ అంటారని. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పేరేమో అనుకున్నాను. ఆ ఎడ్వర్డ్, బూర్బోన్ కంచెలో లేచిన ఎదువార్ ఒక్కటేనని చదివిన రాత్రి లేచి కూర్చున్నాను. దక్షిణ భారతంలో దానిని దండల కోసం, విడిపూల కోసం పెంచుతారు. అంతకంటె ముఖ్యంగా, అంటుకట్టడానికి కింది మొక్కగా వాడతారు. కొత్త హైబ్రిడ్ల వేళ్లు మన నేలలో బలంగా నిలవవు. అందుకని ఎడ్వర్డ్ కాండానికి ఆ హైబ్రిడ్ కన్నును అంటించి అమ్ముతారు. పైన దొర, కింద నౌకరు.

దొర చచ్చిపోతే నౌకరు తలెత్తుతాడు. కడియం నర్సరీల నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న పసుపు గులాబీ రెండేళ్లకు నాటు గులాబీ అయిపోయిందని వాపోయినవాళ్లు మన ఇళ్లల్లో ఎందరో. అమెరికాలో ఆ పాత్ర 'డాక్టర్ హ్యూయీ' పోషిస్తుంది. గోల్ఫ్ మైదానాలు తీర్చిదిద్దడంలో పేరుపొందిన జార్జ్ థామస్ పుట్టించిన తీగ గులాబీ అది. ఫిలడెల్ఫియాలోని తన మిత్రుడొకరి పేరు దానికి పెట్టాడు, ఆయన దంతవైద్యుడు. పాత పేటల్లో వసంతకాలంలో ఇంటింటి ముందూ ఒకే ముదురెరుపు పువ్వు కనబడితే, అక్కడ కొన్న గులాబీలన్నీ చచ్చాయని, వేళ్లు మాత్రం బతికాయని అర్థం. అందుకే తెప్పించేటప్పుడు నేను సొంత వేరు మీద పెరిగిన మొక్కలనే అడుగుతాను. చిన్న కుండీల్లో వస్తాయి, మొదటి రెండేళ్లు మందకొడిగా ఉంటాయి. కానీ పైభాగం ఎండకు మాడినా, కింది నుంచి మళ్లీ లేచేది అదే మొక్క.

గులాబీకి గింజ పడుతుంది గాని, గింజ నుంచి వచ్చేది బిడ్డ, తల్లి కాదు. తల్లి కావాలంటే కొమ్మ పాతాలి, లేదా అంటు కట్టాలి. అంటే మా పెరట్లోని ఓల్డ్ బ్లష్ 1793 నాటి మొక్కకు వారసురాలు కాదు, అదే దేహపు మరొక తునక. 1951లో హెన్రియెటా లాక్స్ అనే రోగి దేహం నుంచి తీసిన కణాలు ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నట్టు. తేడా ఏమిటంటే, కణాలను శీతలీకరించి దాచవచ్చు. గులాబీని ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కావాలనుకోవాలి. ఒక్క తరం ఏమరితే అంతే. హ్యూం తేయాకు గులాబీ, పార్క్స్ పసుపు గులాబీ అసలు రూపాల్లో తప్పిపోయాయి. ఇవేనంటూ చూపే మొక్కల మీద నిపుణులకు ఏకాభిప్రాయం లేదు. నాలుగు మూలపురుషుల్లో రెండు పోయాయన్నమాట, అచ్చుయంత్రాలు, ఉద్యానసంఘాలు, వేలంపాటల జాబితాలు ఉన్న కాలంలో.

అమెరికాలో చట్టం కూడా కొంత చేసింది. 1930లో మొక్కలకు పేటెంటు హక్కు వచ్చింది. 1931లో ఒకటో నంబరు పేటెంటు 'న్యూ డాన్' అనే తీగ గులాబీకి దక్కింది. అది 'డాక్టర్ డబ్ల్యూ. వాన్ ఫ్లీట్' అనే మొక్క మీద తనంతట తాను మారిన కొమ్మ. ఆ వాన్ ఫ్లీట్ వైద్యం మానేసి మొక్కల పెంపకంలోకి దిగిన డాక్టరు. ఆయన మీద నాకు కొంచెం అసూయ ఉంది. పేటెంటు వచ్చాక నర్సరీలకు ఏటా ఒక కొత్త పేరు అమ్మడంలో లాభం. ఎవరైనా కొమ్మ విరిచి పాతుకోగల పాత మొక్కలో ఏముంది? పాతవి జాబితాల నుంచి జారిపోయాయి. అవి బతికినవి పేదల వాకిళ్లలో, పాడుబడిన ఇళ్ల దగ్గర, శ్మశానాల్లో. 1980లలో టెక్సాస్‌లో కొందరు కత్తెరలు, తడి కాగితాలు పట్టుకుని పల్లెలు తిరిగారు. రస్లర్లమని, అంటే పశువుల దొంగలమని, వేళాకోళంగా పేరు పెట్టుకున్నారు. నిజానికి తలుపు తట్టి అడిగి, రెండు కొమ్మలు తెచ్చుకునేవారు. వారు తెచ్చినవి చాలామటుకు పేరు పోయిన మొక్కలు. వాటికి దొరికిన ఊరి పేరో, ఇచ్చిన ఇల్లాలి పేరో పెట్టి జంట కోట్లలో రాయడం ఆనవాయితీ. పేరు ధ్రువపడినవాటికి ఒంటి కోట్లు. అత్యవసర విభాగానికి గుర్తింపు కాగితాలు లేకుండా వచ్చిన రోగికి మేము కూడా తాత్కాలికంగా ఒక పేరు రాస్తాం. వైద్యం ఆగకూడదు కదా. జాబితా చదివేటప్పుడు ఈ కోట్ల తేడా గమనించండి. ఏ నర్సరీ నిజాయితీ ఎంతో అక్కడ తెలిసిపోతుంది.

"పెగ్గీ మార్టిన్" అన్నది అలాంటి జంట కోట్ల పేరు. లూయిజియానాలో ఆమె తోట 2005 కత్రినా తుపానులో రెండు వారాలపాటు ఉప్పునీటి కింద ఉంది. ఆ తుపానులో ఆమె తల్లిదండ్రులు పోయారు. నీరు తీశాక ఆమె గులాబీల్లో పచ్చగా మిగిలింది ఒక్కటి. అంతకు రెండేళ్ల ముందు ఆమె ఆ మొక్క కొమ్మలను టెక్సాస్ ఎ అండ్ ఎం ఉద్యాన నిపుణుడు విలియం వెల్చ్‌కు ఇచ్చి ఉంది. తుపాను తరువాత దానిని పెంచి అమ్మి, వచ్చిన సొమ్ములో కొంత తోటల పునరుద్ధరణకు ఇచ్చారు. ఇవాళ హ్యూస్టన్‌లో ఏ వీధి చూసినా అది ఉంది.

ఇంతకీ నా అయిదో గుంట. కొవ్వూరు ఇల్లు అమ్మేసి ఇరవై ఏళ్లయింది. ఆ చోట అపార్ట్‌మెంట్ లేచింది, మొక్క లేదు. ఇండియా నుంచి కొమ్మ తెద్దామంటే సంచిలో వేసుకుని వచ్చే వీలు లేదు. అనుమతులు, ఆపైన క్వారంటైన్. దాని మీద నాకు కోపం లేదు. రోజ్ రోజెట్ అనే వైరస్ జబ్బు కంటికి కనబడని నల్లుల ద్వారా పాకి, డల్లాస్ వైపు గులాబీ తోటలను ఎలా ఊడ్చేసిందో చూసినవాడిని. కాబట్టి ఇక్కడే వెతికాను. ఒకచోట జాబితాలో ఉంది, అమ్మకానికి లేదు. మరొకచోట డబ్బు తీసుకుని, వేరే పేరున్న మొక్క పంపి, ఇదీ బూర్బోనేనని ఓదార్చారు. మూడోచోట, కొమ్మలు పాతామని, వేరు పడితే వచ్చే శరత్కాలానికి కబురు చేస్తామని రాశారు.

ఈలోగా నాకొక సిద్ధాంతం కుదిరింది. అమ్మమ్మ కడియం నుంచి ఏదో అంటు గులాబీ తెచ్చుకుని ఉంటుంది, దొర చచ్చి ఉంటాడు, మేము వాసన చూసింది నౌకరునన్నమాట. ఈ సిద్ధాంతం ఎంత అందంగా కుదిరిందంటే, ఒక ఆదివారం ఫోన్ చేసి అమ్మకు అంతా వినిపించాను. బూర్బోన్ దీవి, కలకత్తా, సామర్లకోట, అన్నీ. ఓపికగా విన్నది.

"కడియం ఏవిట్రా? మా పెళ్లి కాకముందు మాట అది. మీ మేనమామ పుట్టినప్పుడు మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఉంది. అక్కడ నర్సమ్మ వాళ్ల వాకిట్లో మొక్కది. వచ్చేటప్పుడు కొమ్మ అడిగి తెచ్చుకుంది."

"అంటు మొక్క కాదా మరి?"

"అంటూ లేదు, గింటూ లేదు. కొమ్మ పాతింది, బతికింది."

నా దొర, నౌకరు కథ అక్కడితో పోయింది. ఆ మొక్క ఎదువారా కాదా అన్నదానికి ఇప్పుడు నా దగ్గర మిగిలిన సాక్ష్యం చిన్ననాటి ముక్కు ఒక్కటే. కోర్టులో నిలిచేది కాదు. నర్సరీ జాబితాలో రాయవలసివస్తే, అమ్మమ్మ పేరు జంట కోట్లలో పెట్టాలి.

ఆసుపత్రి వాకిట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో అడిగాను. తెలియదంది. పువ్వు ఎలా ఉండేదో మరొక్కసారి చెప్పమన్నాను. చెప్పింది, రాసుకున్నాను: రేకుల వెనుక రంగు లేత, పూకాడ మీద సన్నని నూగు, ముళ్లు వంపు తిరిగినవి, ఎండాకాలంలో చిన్న పూలు, ధనుర్మాసంలో పెద్దవి. శరత్కాలంలో కబురు వస్తే ఈ కాగితంతో సరిచూడాలి.

అయిదో గుంట ఖాళీగా ఎందుకని మా ఆవిడ ప్రస్తుతానికి అందులో మెంతులు చల్లింది.